ఆశీర్వాదానికి రాని ఫోను

మలేషియాలోని క్లాంగ్ ఊళ్ళో, వరస ఇళ్ళలో ఒకదాని వంటగది, సాయంత్రం. ఇవాంజలిన్ కంకుంగ్ ఆకుకూర కాడలు తుంచుతోంది. ఆమె తెలుగు మాటల చివర అప్పుడప్పుడూ అక్కడివాళ్ళ 'లా' తగులుతుంటుంది. స్పెయిన్ నుంచి వచ్చిన అల్లుడు ఆసియేర్, ప్రస్తుతానికి క్లబ్బు లేని ఫుట్‌బాల్ ఆటగాడు, పొయ్యికీ ఫ్రిజ్‌కీ మధ్య నడుస్తున్నాడు. అతను మాట్లాడే తెలుగు అత్తగారు నేర్పినది. ఇంట్లో పిలిచే పేరు అత్తగారు పెట్టినది.

"మీ మామ సంగతి నాకు సెప్పకు బాబూ. నలభయ్యేళ్ళ బట్టీ వండి పెడతన్నాను. కూర ఇంకాస్త వెయ్యనా అంటే 'పోదుం' అంటాడు. అరవంలో అది చాలని. నాకేమో పోదాం పద అన్నట్టు ఇనిపిస్తాది. పెళ్ళయిన కొత్తలో రెండుసార్లు సెప్పులు గూడా ఏసుకున్నాను."

"అత్తా, ఫోను వచ్చిందా?"

"సూసినావా? నాను మొగుడి మీద సాడీలు సెప్తంటే నువ్వు ఫోను అంటావు. కూకో ఆశీర్వాదం."

"ఆసియేర్, అత్తా."

"నాలుగేళ్ళ బట్టీ ఆశీర్వాదమే. పాస్టరు గారు ప్రార్థనలో గూడా అలగే సెప్తన్నారు. ఇప్పుడు మారిస్తే దేవుడు కొత్తోడనుకుంటాడు లా. కూకో. నీ నడకకి టైల్సు అరిగిపోతన్నాయి."

"కూకుంటే మోకాలు పట్టీస్తాది. మంగళవారం ఫోను సేస్తానని మా ఊరి క్లబ్బు ప్రెసిడెంటు సెప్పింది. ఈ రోజు శుక్రవారం."

"ప్రెసిడెంటు ఆడదా?"

"కాదు. ముసిలాయన. పెద్ద మీసం."

"మీసమున్నాయన 'సెప్పినాడు' అనాలి బాబూ. 'సెప్పింది' అంటే నాను సెప్పినట్టు."

"అత్త సెప్పింది, మామ సెప్పింది, ప్రెసిడెంటు సెప్పింది. నా నోటికి అన్నీ ఒక్కటే వస్తాది."

"తప్పు నాదేలే. ఆడదాని దగ్గర నేర్చుకుంటే అంతే."

"మంగళవారం నా హ్యాండ్‌ఫోను రిపేరు షాపులో ఉంది. అందుకే ఇంటి నంబరు ఇచ్చినాను. ఇంటి ఫోను మోగలేదా?"

"మోగుతాది. రోజూ మోగుతాది. ఒకడు ఇన్సూరెన్సంటాడు, ఒకడు నీళ్ళ ఫిల్టరంటాడు. ఈ కంకుంగ్ సూడు, ఎంత ముదిరిపోయిందో. ఆ రాసమ్మ కొట్టులో ఇంక కొనకూడదు."

"అత్తా, మంగళవారం…"

"మంగళవారం మీ మామ ఇంట్లోనే ఉన్నాడు. ఆయన్నడుగు. అవతలోడు హలో అనేలోపల పెట్టీసే మనిషి. నీకు ఆ ఊరెల్లాలని అంత ఆత్రమేటి? క్లాంగ్‌లో ఏటి నేదు?"

"క్లబ్బు నేదు అత్తా. మే నెలలో నా కాంట్రాక్టు అయిపోయింది. కోచ్ వచ్చింది, సెయ్యి కలిపింది, థాంక్యూ అంది, ఎల్లిపోయింది."

"కోచ్ గూడా మగాడే."

"మగాడే ఎల్లిపోయింది."

"పోతే పోనీ. ఆ మలుపు కాడ స్కూల్లో పి.టి. మాస్టరు కావాలంట. నాను అడిగి ఉంచినాను. నేదంటే మన చర్చి కుర్రోళ్ళకి ఆట నేర్పు. కిషేన్, వసంతన్, ఆళ్ళందరూ ఊరికే తిరుగుతన్నారు."

"ఆళ్ళు ఫోన్లో ఆడతాది అత్తా. బొటనేలు తప్ప ఏదీ కదపదు."

"నువ్వు కదుపు. ఎన్ని దేశాల్లో పరిగెట్టినావు! ఇంకోపాలి సెప్పు, ఇందాం."

"నీకు తెలుసు."

"తెలిస్తే ఏటి? నాను సీరియల్ రెండోపాలి సూడనా?"

"ముందు మా ఊరు. సముద్రం పక్కనే గ్రౌండు. నాను గట్టిగా తన్నితే బంతి నీళ్ళలో పడతాది. ఒకాయన పడవేసుకుని ఎల్లింది, బంతి తెచ్చింది, నన్ను తిట్టింది, మళ్ళీ నాకే ఇచ్చింది. ఆయనే ఇప్పుడు ప్రెసిడెంటు."

"తరవాత పెద్ద క్లబ్బు."

"పదిహేడేళ్ళకి. ఆళ్ళ రెండో టీములో నాలుగేళ్ళు. మొదటి టీముకి ఒక్కపాలి పిలిచింది. మా అమ్మ ఆ మేచ్‌కి కొత్త కోటు కొన్నాది. నాను బెంచీ మీద కూకున్నాను. ఆట అయ్యేదాకా నాను అమ్మ కోటు సూసినాను, అమ్మ నా బెంచీ సూసింది."

"అయ్యో. కోటైనా బాగుందా?"

"బాగుంది. నీలం. తరవాత సైప్రస్. ఆరు నెలల్లో ముగ్గురు కోచ్‌లు మారింది. ముగ్గురికీ నాను పేరు సెప్పుకున్నాను. తరవాత పోలెండ్. మంచులో తెల్ల బంతి కనపడదు, ఎర్రది ఇచ్చింది. తరవాత ఇండియా, గోవా, ఒక సీజను. తరవాత క్లాంగ్. మోకాలు. ఫిజియో సెరీనా."

"మోకాలు బాగుసెయ్యమంటే మనిషినే ఇంటికి తెచ్చీసింది నా కూతురు. ఆ మోకాలు ఇప్పటికీ బాగవనేదు. ఏం ఫిజియోనో!"

"ప్రతీ దేశంలో నాను ఇంపోర్టు అత్తా. పేపరోడు పేరు రాయదు, 'ఇంపోర్టు డిఫెండర్' అని రాస్తాది. మా ఊరు ఒక్కటే నాను ఇంపోర్టు కాని చోటు. ఒక్క సీజను అక్కడ ఆడాలి. తరవాత పిల్లలకి నేర్పాలి. నీళ్ళలో బంతి పడితే నాను పడవేసుకుని ఎల్లాలి. అంతే. ఇంకేటి వద్దు."

"మరి మా ఇంట్లో నువ్వు ఇంపోర్టేటి?"

"ఉండత్తా, ఫోను మోగతంది."

"పక్కింటి కుక్కరది. సరే, సెరీనా ఏటంటాది?"

"సెరీనా పాస్‌పోర్టు రెన్యూ సేసింది."

"నాకు సెప్పనేదు!"

"సెప్పింది. ఇంగ్లీషులో సెప్పింది. నువ్వు 'ఓకే లా' అన్నావు."

"ఇంగ్లీషులో ఏటి సెప్పినా నాను ఓకే లా అంటాను. అదే కదా నా బాధ. కూతుర్ని తెలుగులో అడిగితే ఇంగ్లీషులో సెప్తాది. మొగుణ్ణి తెలుగులో అడిగితే అరవంలో సెప్తాడు. మొన్న మార్కెట్లో సేపలామె ముందర నిలబడే ఆవిణ్ణి తెలుగులో తిట్టుకున్నాం సూడు నువ్వూ నానూ? ఆవిడ నవ్వి ఇంకో సేప ఏసింది. అలగ తిట్టుకోడానికి నాకింక ఎవరున్నారు?"

"సేపలామె మంచిది అత్తా."

"మంచిదే. సేపలే మంచివి కావు."

గేటు చప్పుడైంది. ఇవాంజలిన్ భర్త జాన్ చెమట తుడుచుకుంటూ నేరుగా వంటగదిలోకే వచ్చాడు. అల్లుడికి అరవం రాదని అతని ముందర మాత్రం తెలుగే మాట్లాడతాడు.

"ఏటిది, పొయ్యి ఎలిగించకుండా ఇద్దరూ మీటింగు పెట్టినారు?"

"మామా, మంగళవారం ఇంటి ఫోను నువ్వు ఎత్తినావా?"

"మంగళవారం నానింట్లో ఎక్కడున్నాను? కారు టైర్ల కోసం కాపార్ ఎల్లినాను కదా. పొద్దున ఎల్లి సీకటడ్డాక వచ్చినాను. మీ అత్తే అన్నం కట్టిచ్చింది."

"అత్తా, మామ ఇంట్లో ఉంది అన్నావు."

"సోమవారమనుకున్నాను లా. వయసు."

"సోమవారం గూడా నాను…"

"నీకు సోమవారమేటో శనివారమేటో ఎప్పుడు తెలిసింది కనక? టీ తాగుతావా?"

"ఏటే, టీ అడక్కుండానే ఇస్తన్నావు, ఒంట్లో బాగుందా? ఏం ఆశీర్వాదం, ఇంకా ఆ ఫోను కోసమేనా? నువ్వే సెయ్యొచ్చు కదయ్యా!"

"సెయ్యను మామా. ఫుట్‌బాల్‌లో ఎవరూ 'నువ్వు వద్దు' అని ఫోను సెయ్యదు. ఫోను రాదు. అదే 'వద్దు'. నాకు అలగ సాలాసార్లు వచ్చింది."

"రాని ఫోను సాలాసార్లు వచ్చిందంట! లెఫ్ట్ బ్యాక్ ఆడి ఆడి నీకు ఎనకే నిలబడ్డం అలవాటయిపోయింది. కొత్త ఆటగాళ్ళ పేర్లు ఇవ్వడానికి ఈ రోజే కదా ఆఖరు?"

"ఈ రోజే."

"రేపయితే?"

"రేపయితే నాను ముసిలోణ్ణి. ఇంకే క్లబ్బూ పిలవదు."

"మరి నొక్కు నంబరు!"

"ఆణ్ణి బలవంతపెట్టకయ్యా. ఇప్పుడక్కడ అందరూ నిద్దరోతుంటారు."

"ఇప్పుడక్కడ మద్దేన్నం అత్తా."

"మద్దేన్నమే నిద్దరోతారు స్పెయినోళ్ళు. నువ్వే సెప్పినావు."

"మా క్లబ్బులో నిద్దరోదు. ఆఫీసు కింద సేపల మార్కెట్టు, పెద్ద గోల."

"సరే సెయ్యి మరి. సేసి నేదనిపించుకుంటే నీ మనసే పాడవుతాది. నాకేటి?"

"నొక్కవయ్యా! ఇలగియ్యి, నాను నొక్కుతాను. ఇదేనా? మీసమున్న బొమ్మ?"

"అదే మామా. మోగతంది… మోగతంది… కైషో! ఆసియేర్…"

"కైషో అంటే ఏటయ్యా?"

"హలో అనే. మాటాడకే, ఆణ్ణి మాటాడనీ."

"…బై. …బై, బై."

"అదిగో, బై అన్నాడు. పెట్టీస్తన్నాడు పాపం. అయిపోయింది. రా బాబూ, కూకో, టీ సల్లారిపోతాది."

"ఆళ్ళ ఊరి బాసలో బై అంటే అవునే! మర్సిపోయినావా? పెళ్ళిలో 'ఈమెను భార్యగా స్వీకరిస్తావా' అని పాస్టరు గారడిగితే బై అన్నాడు. మీ తమ్ముడు పరిగెట్టుకెల్లి తలుపు కాడ నిలబడ్డాడు, పెళ్ళికొడుకు పారిపోతాడేమోనని."

"…బై. …బై, బై, బై!"

"ఏటయ్యా అన్ని అవున్లు?"

"మంచిదే అయ్యుంటాది. మొహం సూడు."

"ఆ మొహం ఎప్పుడూ అలగే ఉంటాది."

"ఉండదు. నాలుగు నెలల బట్టీ నేదు ఆ మొహం. పెట్టీసినాడు. సెప్పు, సెప్పు! ఏటన్నాడు?"

"మామా, నా చోటు ఉంది! ఎవరికీ ఇవ్వలేదు, ఈ రోజు దాకా ఉంచింది. కాగితాలు ఇప్పుడే పంపుతాది. నాను సంతకం సెయ్యాలి, అంతే."

"సెబాసు! సెరీనాకి సెప్పు బేగి! మరి ఇన్నాళ్ళూ ఆ మీసమాయనకి ఏటి రోగం? మంగళవారం ఫోను సేస్తానన్నాడు కదా?"

"సేసింది. మంగళవారమే సేసింది. ఇక్కడ ఇంట్లో మనిషి మాటాడింది, పెట్టీసింది. ఆసియేర్‌కి రావడం ఇష్టం నేదు అని అనుకుంది."

"ఇంట్లో మనిషా? ఎవరు?"

"'మాటాడింది' అన్నాడంటే నువ్వే అయ్యుంటావు. ఈ బాబు నోట్లో మగాళ్ళందరూ ఆడోళ్ళే కదా."

"నన్నెందుకు లాగుతావే! నాను కాపార్‌లో టైర్లు…"

"నాను వ్యాకరణం సెప్తన్నాను లా. తప్పేటి?"

"అత్తా. ఆడమనిషి గొంతు అని సెప్పింది."

"ఫోన్లో మీ మామ గొంతు గూడా సన్నంగానే ఉంటాది."

"ఇవాంజలినూ!"

"ఓ… ఆ ఫోనా? ముందే సెప్పొద్దూ! ఎవడో ఆసియేర్ కావాలన్నాడు. మా ఇంట్లో ఆసియేరెవరు? ఉన్నది ఆశీర్వాదం. నేదన్నాను. అబద్ధమాడినానా?"

"పెళ్ళి కార్డులో ఆ పేరు దగ్గరుండి అచ్చేయించింది నువ్వు కాదేటి?"

"నువ్వూరుకో. నాలుగేళ్ళయింది. కార్డు మాట ఎవరికి గుర్తుంటాది?"

"అత్తా, నాకు కోపం నేదు. చోటు ఉంది, నాను ఎల్తాను, అంతా బాగుంది. నిజం ఒక్కటి సెప్పు. ఆయన పేరు సెప్తే నీకు తెలీలేదా?"

"ఈ కూర కడగాలి. లేవండి, అడ్డం."

"కడిగీసినావు. మళ్ళీ కడుగుతన్నావు."

"మట్టి ఉంటాది."

"అత్తా."

"నువ్వెల్లిపోతే రేపు మార్కెట్టుకి నాతో ఎవరొస్తారు? మీ మామా? ఆయన సేపలామెతో గూడా అరవంలోనే మాటాడతాడు."

"నాను వస్తాను కదే. తెలుగులోనే తిడతాను, సరేనా? ముందు ఆ బాబుకి జవాబు సెప్పు."

"ఆ మీసమాయనకి ఇంగ్లీషు రాదు బాబూ. నీ పేరు మటుకు సక్కగా పలికినాడు, నాకంటే సక్కగా. 'ఆసియేర్, కం హోం, కం హోం' అన్నాడు. 'హీ ఈజ్ ఎట్ హోం' అని సెప్పి పెట్టీసినాను. తెలిసే పెట్టీసినాను. తప్పు సేసినాను బాబూ."