గొట్టంలోకి దిగని గుండు

ప్రొద్దుటూరులో తుపాకులు బాగుచేసే హబీబుల్లా అంగడి. ఎలక్షన్లకు ఇరవై రోజులుంది. పెద్దముడియం బడి పంతులమ్మ అరుణకుమారి వచ్చి అరగంటయింది. ఆమె చేతిగుడ్డ విప్పి బల్ల మీద పెట్టిన సీసపు గుండును తప్ప హబీబుల్లా మిగతావన్నీ చూస్తున్నాడు.

"ఇది గుండేనమ్మా. కాదని నేనన్నానా?"

"గుండని నాకూ తెలుసు మామా. ఏ తుపాకీదో చెప్పు."

"దాని మీద పేరు రాసుంటే చదువుదును. పంతులమ్మవి, నువ్వే చదువు."

"మా ఆయన తుపాకీలో ఇది పడుతుందా, పడదా? అంతే."

"సామ్యూలు తుపాకీ స్టేషన్లో గదా ఉంది. ఆడికి పోయి అడుగు. మర్యాదస్తులు, కూర్చోబెట్టి చెప్తారు."

"కూర్చోబెట్టినారు, మా ఆయన్ని. నలభై దినాలయింది."

"కేసులో ఎన్నో నంబరు ముద్దాయి?"

"ఏడు."

"ఏడా! మంచి నంబరే. ఎలక్షన్లో నిలబడిన పెద్దాయన మనుషులు పోలీసులకు లిస్టు రాసిచ్చేటప్పుడు పదిలోపల పేరు రావాలంటే ఊర్లో పలుకుబడి ఉండాల."

"ఏం పలుకుబడి? అడవిపందులు శనక్కాయ చేను తొక్కుతాంటే బెదిరించేదానికి లైసెన్సు తీసుకున్నోడు. ఆదివారం చర్చిలో హార్మోనియం వాయిస్తాడు. ఓటు ఎవురికేస్తాడో నాకే చెప్పడు."

"ఆ లైసెన్సు తీసుకోవడమే తప్పమ్మా. లైసెన్సు లేని తుపాకులు యాడుండాయో గవర్నమెంటుకు తెలీదు. మీ ఆయనది కాగితంలో ఉంది. కనపడింది, పట్టుకున్నారు."

"మద్దిలేటిని కాల్చింది ఆ తుపాకీతోనే అని రాసినారు మామా."

"మద్దిలేటి! మహానుభావుడు. పెద్దాయనకు కుడిచెయ్యి. జమ్మలమడుగులో శవాన్ని ఊరేగిస్తే జీపులే అరవై అంట. బతికున్నన్ని దినాలు బస్సులో టికెట్టు తీసుకోనోడు. ఇప్పుడు విగ్రహం పెడతారంట గదా? చేతికి జెండా ఇస్తారా, తుపాకీ ఇస్తారా?"

"మాట మార్చొద్దు మామా."

"మాటలు నేను యాడ మార్చినా? గొట్టాలు మార్చడమే నా పని."

"అయితే గొట్టం గురించే చెప్పు. నీ చేతికొచ్చిన ప్రతి తుపాకీకీ, దాని గొట్టంలో సరిగ్గా పట్టే కట్టె బిరడా ఒకటి చేసి పెట్టుకుంటావంట. ఆ గోడకు దండ కట్టినావే, అవే గదా?"

"అవా? పొయ్యిలోకి."

"పొయ్యిలో పెట్టే పుల్లలకు పేర్లు రాస్తారా? ఇదిగో, 'సామ్యూల్, పెద్దముడియం'. నీ చేతిరాతే."

"ఏయ్, ఏయ్, దండ తెంపొద్దు!"

"తెంపలే. బిరడా పక్కన గుండు పెట్టినా, చూడు. ఏది లావు?"

"నా కండ్లద్దాలు లోపలుండాయి."

"ముక్కు మీదనే ఉండాయి. ఏది లావు?"

"గుండు."

"ఎంత లావు?"

"శానా. సుత్తి పెట్టి కొట్టినా సామ్యూలు గొట్టంలోకి దిగదు. చాలా? ఇంక పోయిరా."

"ఈ మాటే కోర్టులో చెప్పాల."

"నేనా? ముందు ఈ గుండు నీకు యాడ దొరికిందో చెప్పు. దోవలో పడుంటే ఏరుకొచ్చినావా?"

"మద్దిలేటి సచ్చిన గోడౌన్లో శనక్కాయ మూటలుండె. పోలీసులు శవాన్ని చూసినారు, మూటల్ని చూడలే. అవి ఈడ నూనె మిల్లుకొచ్చినాయి. మా చిన్నమ్మ దీవెనమ్మ ఆ మిల్లులోనే కాయలు ఏరుతాది. రక్తం మరకున్న మూట విప్పితే నడుమ ఇది దొరికింది. మేస్త్రీ కూడా చూసినాడు."

"పోలీసోళ్లు మూటలు యాల చూస్తారులే. ఎవురు కాల్చిందీ వరస నంబర్లతో రాసొచ్చినాక, గుండుతో పనేముంది?"

"ఇది ఏ బిరడాకు సరిపోతాదో చూస్తా."

"వద్దమ్మా."

"ఒక్కొక్కటే పెట్టి చూస్తా. ఈపొద్దు బడి లేదు నాకు."

"వద్దంటాంటే! మళ్ల దండంతా చిక్కుపడతాది. చివర్లో నల్లగా ఉంది చూడు. అది పెట్టు."

"సరిపోయింది! మామా, సరిగ్గా సరిపోయింది. దీని మీద పేరు లేదే?"

"చెమట తగిలి పోయింటాది."

"చాకుతో గీకిన గుర్తులుండాయి. ఎవురిది?"

"వినినాక వినలేదని అనుకోలేవమ్మా."

"నలభై దినాలుగా అట్లాంటివే వింటాండా. చెప్పు."

"సచ్చినోనిదే."

"ఏందీ?"

"మద్దిలేటిది. రెండు నెలల కిందట వచ్చినాడు. పెద్దాయన పక్కన నిలబడితే తన తుపాకీ గొడుగు కట్టె మాదిరి కనపడుతాందంట. యాడనుంచో లావు గొట్టం తెచ్చి, ఇది బిగించమన్నాడు. దీనికీ దానికీ కుదరదు, పైగా మీట అరిగిపోయింది, తాకితే పేలుతాదప్పా అన్నా. నీకు తుపాకీ తెలుసుగానీ రాజకీయం తెలీదన్నాడు. బిగించినా. మందు కూరి పెట్టుకోవద్దని మూడుసార్లు చెప్పినా. రాజకీయం తెలిసినోడు, వింటాడా?"

"అయితే... ఎవురూ కాల్చలేదా?"

"గోడౌన్లో మూటల సందున దాచిన తుపాకీని మూతి పట్టుకొని లాగినాడంట. మీట గోతం తాడుకు తట్టుకుంది. గుండు ఆయన ఒంట్లోనుంచి దూసుకొనిపోయి వెనక మూటల్లో పడింది."

"నీకెవురు చెప్పినారు?"

"ఆయన సచ్చిన మూడో దినం ఆ తుపాకీని నా కాడికి తెచ్చిన పెద్దాయన మనుషులే. కట్టె కాల్చెయ్యి, గొట్టం కరగబెట్టు అన్నారు. ఎలక్షన్ల ముందర, తన తుపాకీతో తనే సచ్చినోన్ని చూసి ఎవురమ్మా ఓట్లేసేది? ఎవురో ఒకరు సంపితేనే గదా వీరుడయ్యేది."

"ఆ ఎవురో ఒకరు మా ఆయనా?"

"ఏడో నంబరు."

"మామా, ఎగతాళి చాలు. గొట్టం యాడుంది?"

"కొలిమిలో ఏసినా. వాళ్లు చూస్తాండంగానే."

"కరగబెట్టినావా?"

"నన్నట్లా చూడొద్దు. ఈ అంగడి, లోపల ముసలామె, అంతే నాకుండేది. వాళ్లతో పెట్టుకునేంత ధైర్యం నాకు యాడిది? ఆ బిరడా కావాలంటే తీసకపో. పేరు లేని పుల్లను చూసి జడ్జి ఏమంటాడో."

"నవ్వుతాడు."

"నవ్వుతాడు. నేనూ అదే అంటాండా."

"ఆయన కాల్చలేదని నాకు తెలుసు, నీకు తెలుసు, లిస్టు రాసినోళ్లకూ తెలుసు. అందరికీ తెలిసే ఆ మనిషి లోపలుండాడు. పోయొస్తా మామా."

అరుణకుమారి గుండును చేతిగుడ్డలో మూటగట్టి లేచింది. లోపలి గది పరదా తొలగించుకొని హబీబుల్లా భార్య అమీనాబీ బయటికి వచ్చింది.

"కూర్చో టీచరమ్మా."

"అమీనా, నువ్వు లోపలికి పో."

"లోపలుండే ఇదంతా విన్నా. ఈయన అబద్ధం చెప్తాండాడమ్మా. వాళ్ల ముందర కొలిమిలో ఏసింది పాత బోరింగు పైపు. ఎర్రగా కాలినాక గొట్టమేదో పైపేదో వాళ్లకేం తెలుస్తాది?"

"అమీనా!"

"గొట్టం మా బియ్యం డ్రమ్ములో ఉంది. దినామూ దాన్ని పక్కకు జరిపే నేను అన్నం వండుతాండా."