వాగవతలి ఇల్లు

బూర్గంపాడు షెడ్డులో మెకానిక్ పాత జీపు కిందనుంచి బయటికొచ్చాడు. పెద్దాయన సీట్లోనే కూర్చుని ఉన్నాడు.

"సారూ, జీపును కారు లెక్క తోలుతున్నరు! ఫోర్‌వీల్ గేరు తుప్పుపట్టి బిగుసుకుపోతే ఇప్పుడు ఇడిపించిన. వెయ్యక ఎన్నేండ్లాయె?"

"మూడేళ్లు. మా అక్క వాగవతల ఉండేది. అక్కడికెళ్తూ వాగు నీళ్లలో దిగేటప్పుడే వేసేవాణ్ణి. ఇప్పుడు అక్క లేదు."

"వారానికోసారన్నా వాగు దాటాలె సారూ. లేకుంటే మళ్ల గిట్లనే అయితది."

"దాటి ఎవరింటికెళ్లనయ్యా?"

మెకానిక్ చేతులు తుడుచుకున్నాడు.

"మా ఇల్లు వాగవతలనే. ఆదివారం బువ్వకు రాండ్రి."

తనను భోజనానికి పిలిచినవాళ్లు లేక కూడా మూడేళ్లయిందని పెద్దాయనకు అప్పుడే తట్టింది. ఇంజను స్టార్ట్ చేసి, మళ్లీ ఆపేశాడు.

"ఎండాకాలం వాగులో నీళ్లుండవు. అప్పుడు ఫోర్‌వీల్‌తో పనిలేదు కదా?"

"అవ్, లేదు."

"అప్పుడు కూడా రావచ్చా?"