మబ్బులకు నోటీసిచ్చిన కౌన్సిలర్

లక్ష్మీపతి మాటలు కోటలు దాటుతాయి, కాలు గడప దాటదు. ఆ సంగతి టీ బంకు మాబీకి ఎప్పటినుంచో ఎరుకే. అయినా ఆ పొద్దు ఆయన బంకు ముందు కూర్చుని మొదలుపెడితే, టీ వడగడుతూ చెవి అటే వేసింది. మాబీ వాళ్ల వీధికి నీళ్ల పైపు వేసే తీర్మానం ముందురోజే మున్సిపల్ మీటింగుకు వచ్చింది. ఆ వార్డు కౌన్సిలర్ ఈ మహానుభావుడే. ట్యాంకరు దగ్గర బిందెల కొట్లాటలో ఆమె మోచెయ్యి వాచి పదిరోజులైంది.

"నిన్న లేచి నిలబడితి చూడు, కమిషనరు చేతిలో పెన్ను కింద పడె. ఏమప్పా, రాజ్యాంగం మాకు పద్దెనిమిది పనులు రాసిచ్చిందా లేదా అంటి. నీళ్లు, రోడ్లు, దీపాలు, శ్మశానాలు, కడకు చావుపుట్టుకల లెక్క కూడా మాదే. నా సంతకం లేకుండా నా వార్డులో ఒక్కడు చచ్చేదానికి లేదు. పుల్లన్న తాత తొంభై దాటినా ఎందుకు బతికుండాడనుకున్యారు? ఫైలు నా దగ్గర ఉండాది."

"పైపు సంగతి ఏమాయెన్నా?" అంది మాబీ.

"ఆడికే వస్తాండా. ఇంతలో కలెక్టరు ఫోను, 'అన్నా, రవ్వంత శాంతించు' అని. పెట్టేస్తి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మిద్దె ఎక్కి చూస్తే వజ్రకరూరు దిక్కునుంచి మబ్బులు వస్తాండాయి, ఈడ ఒక్క చుక్క రాల్చకుండా కడప పక్కకు పోతాండాయి. మా లిమిట్సులో పర్మిషన్ లేకుండా ఎట్ల పోతారని నోటీసిస్తి. యాడివి ఆడనే నిలిచిపాయ."

"మరి వాన?" అన్నాడు బెంచీ చివర కూర్చున్న ఆటో రామాంజి, నవ్వు బిగబట్టుకుని.

"ఆర్డరు మీద సంతకం పెడతాంటే సూర్యుడు హైకోర్టుకు పోయి స్టే తెచ్చుకున్యాడు. లేకుంటే ఈ పొద్దు మీరంతా పడవలో వచ్చి టీ తాగుతాంటిరి."

అందరూ నవ్వారు. మాబీకి ఒళ్లు మండింది. అప్పుడే మున్సిపల్ ఆఫీసు అటెండరు గురప్ప సైకిలు దిగి టీకి వచ్చాడు. ఇక కౌన్సిలరుతో పని లేదనుకుని ఆమె అతన్నే అడిగింది.

"గురప్పన్నా, మా పైపు పాసైందా?"

"యాడ? పది చేతులు కావాల. తొమ్మిదే లేచె. ఆ పైపులు పార్కులో ఫౌంటెనుకు పాయ."

"పదో చెయ్యి ఎవురిది?"

గురప్ప లక్ష్మీపతి వంక చూశాడు. "చేతులెత్తండి అన్నప్పుడు ఈయన వరండాలో ఉండాడు. రెండో బిర్యానీ పొట్లం ఇయ్యలేదని నాతో కొట్లాడతాండె."

"అది... కౌన్సిలరు హక్కు," అని గొణిగాడు లక్ష్మీపతి.

మాబీ ఆయన చేతిలోని సగం టీ గ్లాసు లాక్కుంది.

"నీ పద్దెనిమిది పనులు నాకు తెలీవన్నా. మేము ఓటేసింది నీ చెయ్యి ఒక్కసారి ఎత్తుతావని. నువ్వు దాన్ని పొట్లానికి చాపితివి."