పదమూడేళ్లు బీరువాలో ఉన్న రెండు పతకాలు

శ్రీ ప్రభుదాసు గారు 2003వ సంవత్సరం జూలై 14, సోమవారం నాడు, మాజీ సైనికుల కోటాలో జూనియర్ అసిస్టెంటుగా ఎంపికై మన మెదక్ డివిజన్ కార్యాలయంలో విధుల్లో చేరారు. ఈ నెల 30వ తేదీ సాయంత్రం సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేస్తున్నారు. ఈ ఇరవై రెండేళ్ల కాలంలో ఆయన బల్లకు ఎదురుబల్ల మీద ఎక్కువకాలం పనిచేసినవాణ్ణి నేనే కనుక, ఈ వీడ్కోలు సంచికకు ఆయన గురించి రాయవలసిందిగా సంచిక కమిటీ సభ్యులు నన్ను ఆదేశించారు. అభినందన వ్యాసంలో తీపి మాటలే ఉండాలన్నది ఆనవాయితీ. నాకు తెలిసిన విషయాలను తెలిసినట్టుగా రాస్తే ఆ ఆనవాయితీ నిలవదని ముందే మనవి చేసుకున్నాను. అయినా రాయమన్నారు.

హవేలిఘనపూర్ మండలంలోని ఒక చిన్న గ్రామంలో, తాపీపని చేసుకునే క్రైస్తవ కుటుంబంలో జన్మించిన ప్రభుదాసు గారు, ఇరవయ్యవ ఏట భారత సైన్యంలో డ్రైవరుగా చేరారు. పదిహేడేళ్లు ఎడారి రోడ్ల మీద, మంచు కొండల మీద లారీలు నడిపారు. 1999లో కార్గిల్ యుద్ధం జరుగుతున్నప్పుడు మందుగుండు సామగ్రి తీసుకుపోతున్న పది లారీల వరుసలో ఆయనది మొదటిది. శత్రువుల గుండు పక్కన పడి ఆ లారీకి నిప్పంటుకుంది. ఆయన తొడలో ఇనుప ముక్కలు దిగాయి. ఆ సంగతి ఆయన నాకు ఒకే ఒక్కసారి, బస్టాండు దగ్గర టీ తాగుతూ, వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా చెప్పారు.

"బండి మండుతుంది సార్. ఎన్కల తొమ్మిది బండ్లున్నయ్. దుంకితే నేనొక్కన్ని బత్కుత. ఎన్కల పోరగాండ్లు? ముంగటికి తోలిన. మలుపు దాటినంక లోయల పడేటట్టు ఇడ్సిపెట్టి దుంకిన. గంతే."

ఆ 'గంతే' అన్న మాటకు సైన్యం ఆయనకు రెండు పతకాలిచ్చింది. వీరత్వానికి ఒకటి, యుద్ధంలో గాయపడినందుకు ఒకటి. ఆసుపత్రి నుంచి బయటకు వచ్చాక ఒక పరేడులో అధికారి స్వయంగా ఆయన ఛాతీకి వాటిని తగిలించారట. సంబంధించిన ఉత్తర్వు పోస్టులో వస్తుందన్నారు. అది రాలేదు. కుంటికాలుతో మరో చోటికి బదిలీ అయి, అక్కడి నుంచే 2001లో ఆయన సైన్యాన్ని విడిచి వచ్చారు. సైనికుని సేవ మొత్తం రాసి ఇచ్చే డిశ్చార్జి పుస్తకంలో పతకాల పేజీ ఖాళీగా ఉంది. చేతిలో పతకాలున్నాయి కదా, కాగితం ఎందుకులే అనుకున్నారు. కాగితం లేని మనిషిని మనలాంటి కార్యాలయాలు ఏంచేస్తాయో ఆయనకు అప్పటికి తెలియదు.

మన దగ్గర చేరిన తొలి అయిదేళ్లు ఆయన డిస్పాచ్ విభాగంలో పనిచేశారు. ఉత్తరం వచ్చిన రోజునే నమోదు చేయడం, పోయే ఉత్తరం ఆ పూటే పంపడం ఆయన అలవాటు. ఆ కాలంలో జరిగిన ఒక సంగతి మన పాత సిబ్బంది ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు. ఒక వానాకాలంలో మన అప్పటి అధికారిగారు నిజాంపేట వైపు తనిఖీకి పోగా జీపు పొలంగట్టు దిగి బురదలో దిగబడింది. డ్రైవరు చేతులెత్తేశాడు. ఫైళ్లు మోయడానికి వెంట పోయిన ప్రభుదాసు గారు ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, నాలుగు వరిగడ్డి మోపులు చక్రాల కింద వేయించి, తానే స్టీరింగు పట్టి జీపును వెనక్కి అంగుళం అంగుళంగా నడిపి రోడ్డెక్కించారు. "ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావయ్యా?" అని అధికారిగారు అడిగితే, "కొండల మీద సార్. ఆడ కింద వడితే ఎవ్వలికి దొర్కం. గందుకే పైలంగ నేర్పుతరు" అన్నారట. అందరూ నవ్వారు. మరునాటి నుంచి డ్రైవరు సెలవు పెట్టినప్పుడల్లా జీపు నడపడం కూడా ఆయన విధుల్లో చేరింది. దానికి మాత్రం ఏ ఉత్తర్వూ అవసరం కాలేదు.

2009 జనవరి 26న, కొత్తగా వచ్చిన మరొక అధికారి జెండా ఎగరేసే వేడుకకు ప్రభుదాసు గారు ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా మీద రెండు పతకాలు పెట్టుకుని వచ్చారు. ఆయన సతీమణి శ్రీమతి సౌభాగ్యమ్మ గారు, పదో తరగతి చదువుతున్న కుమార్తె నిస్సి, గేటు పక్కన నిలబడి చూస్తున్నారు. జెండా ఎగిరాక మిఠాయి పంచుతుండగా అధికారిగారి కళ్లు ఆ పతకాల మీద పడ్డాయి.

"ఇవి ఎక్కడివి? డిశ్చార్జి పుస్తకంలో ఉన్నాయా?"

"బుక్కుల ఎక్కలే సార్. కాయితం పోస్టుల పంపుతమన్నరు, రాలే."

"పుస్తకంలో లేనివి బజార్లో కూడా దొరుకుతాయి. తీసెయ్యండి."

"సార్, నా తొడల ఇనుప ముక్క ఇంకున్నది. దవాఖానల ఫోటో తీపియ్యుండ్రి. గది బజార్ల దొర్కదు గద."

ఎవరో నవ్వారు. ప్రభుదాసు గారు పతకాలు రెండూ విప్పి చేతిలో పట్టుకున్నారు. నేను పక్కనే ఉన్నాను. అప్పుడు నేను సిబ్బంది విభాగంలో సీనియర్ అసిస్టెంటును. ఆయన మాట నిజమని నాకు తెలుసు. బస్టాండు దగ్గర టీ తాగిన రోజునే నమ్మాను. ఆ మధ్యాహ్నం అధికారిగారు నన్ను పిలిచి నోటు పెట్టమంటే మాత్రం, "సదరు ఉద్యోగి డిశ్చార్జి పుస్తకంలో నమోదు కాని పతకాలను ధరించినందున సంజాయిషీ కోరవచ్చును, నిర్ధారణ జరిగే వరకు వాటిని కార్యాలయంలో భద్రపరచవచ్చును" అని నా చేతితో రాశాను. వ్యాకరణ దోషం ఒక్కటీ లేని నోటు అది. పతకాలను కవరులో పెట్టి, లక్క ముద్ర వేసి, ఇనుప బీరువాలో ఉంచాం. తాళంచెవి నా దగ్గరే ఉండేది. విచారణ తేలేవరకు ఆయన పదోన్నతి ఆపివేశారు.

ప్రభుదాసు గారు ఎవరితోనూ తగవు పడలేదు. తన సైనిక రికార్డును సరిచేసి పతకాలను నమోదు చేయవలసిందిగా సైన్యపు రికార్డు కార్యాలయానికి విన్నపం రాసి, నిబంధన ప్రకారం మన కార్యాలయం ద్వారానే పంపారు. 2010 నవంబరులో జవాబు వచ్చింది. ఆంగ్లంలో ఉన్న ఆ లేఖ మొదటి పేరా నేను చదివాను. 'ఈ సైనికుని నంబరు మీద ఎటువంటి పతకమూ నమోదై లేదు' అని ఉంది. 'ఫైలులో ఉంచవచ్చును' అని అంచున రాసి, నా పొట్టి సంతకం పెట్టాను. ఆయనను పిలిచి, "లేదంటున్నరు ప్రభుదాసు" అని చెప్పాను. "మంచిది సార్" అన్నారు.

మరుసటి ఏడు నిస్సి వైద్య విద్యకు ప్రవేశ పరీక్ష రాసింది. సైనికుల పిల్లలకు కేటాయించిన సీట్లలో, పతకం పొందినవారి పిల్లలకు ముందు వరుస ఉంటుంది. కౌన్సెలింగులో తండ్రి డిశ్చార్జి పుస్తకం చూసి, పతకాల పేజీ ఖాళీగా ఉన్నందున ఆమెను వెనక వరుసలో కూర్చోబెట్టారు. ఆమె వంతు వచ్చేసరికి సీట్లు అయిపోయాయి. ఆమె నర్సింగు చదివి, ఈనాడు మన పట్టణ ప్రభుత్వ దవాఖానాలో స్టాఫ్ నర్సుగా ఎందరికో సేవ చేస్తున్నారు. ఈ వాక్యాన్ని సంతోష వార్తగా రాయడానికి రెండుసార్లు ప్రయత్నించి విరమించుకున్నాను.

ఆ తరువాత ఏటా ఒక విన్నపం చొప్పున ప్రభుదాసు గారు పంపుతూనే వచ్చారు. ఏటా రికార్డు కార్యాలయం నుంచి ఒకే జవాబు వచ్చేది: 'ఇదివరకటి మా లేఖను చూడగలరు.' ఆ ఇదివరకటి లేఖను తీసి చూడాలని మాలో ఎవరికీ తోచలేదు. అది నా చేతిలోనే ఉన్న ఫైలు. జిల్లాలు మారాయి, అధికారులు ఆరుగురు మారారు, నేను సూపరింటెండెంటునయ్యాను. ప్రభుదాసు గారు జూనియర్ అసిస్టెంటుగానే ఉండి, తమ తరువాత చేరిన పిల్లలకు "నమస్తే సార్" అంటూ ఫైళ్లు అందించారు.

2021 అక్టోబరులో ఒక మధ్యాహ్నం నిస్సి తండ్రిని వెంటబెట్టుకుని నా గదిలోకి వచ్చారు. డ్యూటీ దుస్తుల్లోనే ఉన్నారు. సమాచార హక్కు చట్టం కింద ఆమె నేరుగా రికార్డు కార్యాలయానికి రాసి తెప్పించుకున్న కాగితాలు చేతిలో ఉన్నాయి. పతకాల అసలు జాబితా నకలు ఒకటి. అందులో ప్రభుదాసు గారి పేరు, ఊరు, దళం అన్నీ సరిగ్గానే ఉన్నాయి. సైనిక నంబరు చివర 47కు బదులు 74 అని టైపు అయింది. ఆయన పతకాలు వేరే సైనికుని పేజీలోకి ఎక్కాయి. రెండోది, 2010 నవంబరు నాటి లేఖ నకలు.

"అంకుల్, గీ చిట్ఠీ మీ ఆఫీసుకే వచ్చిందంట. జవాబు రాలేదని రాసిన్రు. జర ఫైల్ల చూస్తరా?"

ఫైలు తెప్పించాను. అసలు లేఖ ఉంది. అంచున నా రాత, నా సంతకం. ఆమె చేయి చాచి ఆ కాగితాన్ని మెల్లగా తిప్పారు. రెండో వైపున ఇంకొక పేరా ఉంది. 'ఇదే పేరుతో, చివర 74 గల నంబరు మీద రెండు పతకాలు కనిపిస్తున్నవి. మీ వద్ద ఉన్న డిశ్చార్జి పుస్తకం చూసి సరైన నంబరు తెలియజేసినచో రికార్డును సవరించగలము.'

పదకొండేళ్లు నేను ఆ కాగితాన్ని తిప్పి చూడలేదు.

నిస్సి గొంతు పెంచలేదు. లేఖ మీది తేదీని వేలితో చూపి, "2010 నవంబరు. అప్పుడు నేను ఇంటర్ సెకండియర్ అంకుల్" అన్నారు.

నేను కుర్చీలోంచి లేచాను. ప్రభుదాసు గారు గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ నిలబడి, కూతురి భుజం మీద చెయ్యి వేసి, "పోదాం పా బిడ్డా. సార్‌కు పనున్నది" అన్నారు.

ఆ సాయంత్రమే జవాబు రాశాను. డిశ్చార్జి పుస్తకం చూసి నంబరు చివర 47 అని తెలియజేయడానికి రెండు వాక్యాలు పట్టాయి. సంతకంతో కలిపి పది నిమిషాలు. అయిదు నెలల్లో, 2022 మార్చిలో, సవరణ ఉత్తర్వు వచ్చింది. 2010లోనే ఆ రెండు వాక్యాలు రాసి ఉంటే మరుసటి ఏప్రిల్ నాటికి వచ్చేది; కౌన్సెలింగు జూలైలో జరిగింది. ఈ లెక్క నేను చాలాసార్లు వేసి చూశాను. ఎన్నిసార్లు వేసినా మూడు నెలలు మిగులుతూనే ఉన్నాయి.

ఉత్తర్వు, లక్కముద్ర చెదరని కవరు తీసుకుని నేనే వారి ఇంటికి వెళ్లాను. ప్రభుదాసు గారు రసీదు పుస్తకంలో సంతకం చేసి, తేదీ వేసి, కవరు విప్పకుండానే లోపలికి తీసుకుపోయారు. సౌభాగ్యమ్మ గారు మంచినీళ్లు తెచ్చారు. నేను నోరు తెరవబోయేలోగా ఆమే అన్నారు:

"నీళ్లు తాగుండ్రి సార్. మా ఇంటికి అచ్చినోల్లకు నీళ్లిస్తం. మాఫీ మాట మాత్రం తియ్యకుండ్రి. గది మా దగ్గర లేదు."

తాగాను. వచ్చేశాను.

విచారణ ముగిసింది, ఆగిన పదోన్నతి వచ్చింది. 2023 జనవరి 26న, అప్పటి అధికారిగారు ఎంతో ఉత్సాహంగా, పతకాలు ధరించిన మాజీ సైనికునితో ఫోటో దిగుదామని ఫోటోగ్రాఫరును పిలిపించారు. ప్రభుదాసు గారు వట్టి తెల్లచొక్కాతో వచ్చారు. పెట్టుకుని రమ్మని అధికారిగారు ఎంతో మర్యాదగా కోరితే, ఆయన అంతకన్నా మర్యాదగా జవాబిచ్చారు.

"నాడు గీ జాగలనే తియ్యమన్నరు సార్, తీసిన. నా బిడ్డ గేటు కాడ నిలవడి చూసింది. ఇప్పుడు పెట్టుకుంటే ఎవ్వలు చూడాలె? ఆమెకు ఇయ్యాల డ్యూటీ ఉన్నది."

ఫోటో ఆయన లేకుండానే తీశారు.

నాతో ఆయన ఆ తరువాత ఆఫీసు పని మీద తప్ప మాట్లాడలేదు. బస్టాండు దగ్గర టీ మళ్లీ తాగలేదు. తన పనిలో మాత్రం లోపం రానివ్వలేదు. ఈ మూడేళ్లలో ఆయన బల్ల మీదికి వచ్చిన ప్రతి కాగితాన్నీ రెండువైపులా చదివి, రెండో వైపు చూసినట్టు గుర్తుగా మూలన చిన్న గీత గీసేవారు. కొత్తగా చేరిన సిబ్బంది అది ఆయన అలవాటు అనుకున్నారు. ఆ గీత ఎవరి కోసమో నాకు తెలుసు.

ప్రభుదాసు గారూ, ఈ సంచికను మీ ఇంటివారు చదువుతారని తెలిసే ఇదంతా రాశాను. మన కార్యాలయం ఈ నెల 30న మీకు శాలువా కప్పుతుంది, పూలదండ వేస్తుంది, మీ క్రమశిక్షణను పొగుడుతుంది. మిమ్మల్ని అనుమానించింది, మీ పతకాలను బంధించింది, మీ బిడ్డ వరుసను వెనక్కి జరిపింది కూడా ఈ కార్యాలయమే అని, అందులో ఎక్కువ భాగం నా చేతి రాత అని, ఎక్కడో ఒకచోట అచ్చులో ఉండాలి. రికార్డులో ఉన్నదే నిజమని మీకు పదమూడేళ్లు చెప్పినవాణ్ణి. కనుక దీన్ని రికార్డు చేస్తున్నాను.

ఇకమీదట పింఛనుదారుగా మీరు ఏటా ఒకసారి, బతికే ఉన్నానని ఏదో ఒక కార్యాలయానికి కాగితం మీద రుజువు చేసుకోవలసి ఉంటుంది. చలికాలంలో మీ కాలి నొప్పి తగ్గి, సౌభాగ్యమ్మ గారి తోడుతో, నిస్సి సంరక్షణలో, ఆ కాగితాన్ని మీరు మరో నలభై ఏళ్లు మీ చేతితోనే తీసుకుపోయి ఇవ్వాలని మనసారా కోరుకుంటున్నాను. దాన్ని అందుకునే గుమస్తా ప్రతి ఏడూ తల ఎత్తి మీ ముఖం చూడాలని కూడా.

రఘుపతి,
సూపరింటెండెంట్, సిబ్బంది విభాగం, మెదక్.