నడిమికే తెగిన గొలుసులు

ఉప్సాలా నగరంలోని ఒక ప్రయోగశాలలో, కాఫీ బల్ల దగ్గర నమూనాలు కొలిచే పెద్దావిడ, పరిశోధక విద్యార్థిని ఎదురెదురుగా కూర్చున్నారు.

"రొట్టె ముట్టలేదేం?"

"నా లెక్క తప్పిందండీ. నీళ్లలో పాలిమర్ గొలుసు, అంత పొడవాటి అణువు, ఎక్కడైనా తెగొచ్చని సమీకరణం రాశాను. మీ కొలతల్లో అన్నీ నడిమికే తెగాయి. సోమవారం థీసిస్ ఇవ్వాలి."

"రెండు వైపులా పట్టి లాగితే కదా నడిమికి తెగేది?"

"అవును. కానీ లాగిందెవరు?"

"అయ్యో. ద్రావణాన్ని కొలిచే యంత్రంలోకి సన్న సూదితో ఎక్కించేది నేనే."

"నెమ్మదిగానేనా?"

"లేదమ్మా. కాఫీ వేళ దాటిపోతుందని ఒక్క తోపు తోసేదాన్ని."

"అయితే ఆ సన్న దారిలో వడిగా దూకిన నీళ్లే గొలుసును రెండు వైపులా లాగి ఉంటాయి. ఇంకా ఎక్కించని నమూనాలు మిగిలాయా?"

"పన్నెండున్నాయి. లావు సూదితో మెల్లగా ఎక్కిస్తాను. అప్పుడూ నడిమికే తెగితే ఏం ఇస్తావు?"

"తప్పు సమీకరణాన్నే ఇస్తాను, ఎందుకు తప్పిందో రాసి. అదీ తెలుసుకోవాల్సిందేగా. పదండి."