తాడపత్రి కింది కారు

సిరుగుప్పలో రైసు మిల్లు వెనకవీధి, మహాదేవి ఇంటి పక్కన రేకుల షెడ్డు. ఏడేళ్ళుగా కదలని చిన్న తెల్ల కారు మీద కప్పిన తాడపత్రి పట్టా ఈ పొద్దే తీశారు. బానెట్ కింద తల దూర్చినవాడు మెకానిక్ పరశురామ్, డ్రైవరు సీట్లో కూచున్నది మహాదేవి, ఏ పనీ చెయ్యకుండానే అందరికన్నా ఎక్కువ అలసిపోతున్నవాడు ఆమె మరిది పంపన్న.

“చోకు లాగక్కా, చోకు!”

“శోకమా? ఇంగేం లాగేదప్పా పరశురామా. అయిపాయ గదా అంతా.”

“శోకం కాదు వదినా, చోకు! స్టీరింగు పక్కన నల్ల గుండీ ఉండాది చూడు, అది. శోకం నువ్వు ఏడేండ్లు లాగినావు, చోకు ఒక్క నిమిషం లాగితే చాలు!”

“పంపన్నా, నువ్వు కొంచెం అట్ల జరుగప్పా. వెలుతురు రాలేదు.”

“నేనుంటే వెలుతురు రాదు, నేను లేకుంటే నవ్వు రాదు. నీకేది కావాల పరశూ?”

“వెలుతురు.”

“లాగినా అప్పా. ఇట్లే పట్టుకోవాల్నా, వదిలేదా?”

“వదులక్కా. కేబులు ఆడతాంది, అంతవరకు దేవుడున్నాడు. పెట్రోలంతా దింపేసినా, బురద మాదిరి వచ్చె. బ్యాటరీ కొత్తది పెట్టినా. ప్లగ్గులు గీకినా. ఇంగ ఈ ఎలకలు కొరికిన వైర్లు చూసుకోవల్ల.”

“కొరకవా మరి? పేరులోనే వైరం పెట్టుకుండే, వైరు!”

“కార్పెట్టు కింద చూడు పంపన్నా, నవ్వేకి ఇంగోటి దొరికె. మిల్లు నుంచి వడ్లు మోసుకొచ్చి దాచినాయి ఎలకలు. తేమకు మొలకెత్తినాయి. నారు లేచి ఎండిపోయిండాది.”

“ఆహా! కాలువ కింద మనోళ్ళు ఏటికి రెండు కార్లు పండిస్తారు. ఇది మూడో కారు! వదినా, విన్యావా? మూడో కారు.”

“విన్యా.”

“నవ్వలేదే?”

“నవ్వినట్లే అనుకో.”

“అక్కా, ఇన్నేండ్లు ఊరికే పెట్టి, ఇప్పుడెందుకు తీపిస్తాండావు? అమ్మేకా?”

“అమ్మేకి కాదప్పా. రొట్టెలకు. మా సంఘం ఆడోళ్ళం జొన్నరొట్టెలు కాలుస్తాండాం గదా, కూరెకుప్ప పక్క ఫ్యాక్టరీ పిల్లోళ్ళ రూములకు పంపేకి. బుట్టలు చూస్తే కండక్టరు ఎక్కించుకోడు. పంపన్న తోలుతానన్యాడు.”

“నేను తోలేది కారు, కండక్టరు తోలేది మనల్ని.”

“అదొక్కటే కాదులే పరశురామా. మా ఇంటాయప్ప నాలుగు నెలలు కూడా తోలలేదు దీన్ని. మూడు తూర్లు ఎక్కింటానేమో నేను. మూడోతూరి గుండె నొప్పి అని ఆయప్పను ఎనక సీట్లో పండబెట్టుకోని బళ్లారి ఆస్పత్రికి పోతిమి. పంపన్నే తోలె. ఆయప్ప ఆడనే పాయ. ఏటా పూజకు తప్ప ఆ పొద్దు నుంచి దీన్ని ముట్టుకోలేదు. ఆయప్పను ముట్టుకున్నట్లు ఉంటాదేమో అని. ఇప్పుడన్నా ముడితే ఏమన్నా అనిపిస్తాదేమో చూద్దామని.”

“అనిపించిందా?”

“ఇంగా లేదు. సీటుగుడ్డ నీలం గదా ఉండె? ఇదేంది మట్టిరంగుండాది?”

“ఏడేండ్ల దుమ్ము వదినా! నా తల నల్లగుండె, ఇప్పుడు చూడు. గుడ్డకొక న్యాయం, గుండుకొక న్యాయమా?”

“అక్కా, నువ్వు కొంచెం దిగు. ఆ సీటు ఎత్తల్ల. కింద గూడు పెట్టినాయి.”

“దిగినా. ఏమన్నా దొరికెనా?”

“ఏం లేదక్కా.”

“చేతిలో ఏంది?”

“గుడ్డ పీలిక.”

“గుడ్డ పీలికకు బకిలుంటాదా? ఇట్ల తే అప్పా. చూపీ.”

“చిన్నపిల్లోళ్ళ చెప్పక్కా. ఒకటే ఉండాది.”

“అది నాది!”

“నీదా పంపన్నా? నీ బొటనేలు పట్టదు దీంట్లో.”

“అంటే... నాదంటే నాది కాదు వదినా. నేను తెచ్చినది. మా ఇంటి పక్క పిల్లోనిది. వాడు ఎక్కె ఒకసారి. ఎక్కినోడు దిగేటప్పుడు...”

“ఏ పిల్లోడు?”

“వాడే... వాళ్ళు ఊరు మారిపోయిరి.”

“పేరు?”

“పేరు కూడా మార్చుకున్యారేమో, నాకు గుర్తు రాలేదు.”

“మాకు పిల్లోళ్ళు లేరు పరశురామా. నీకు తెలుసునో లేదో.”

“తెలుసక్కా. సెకండ్ హ్యాండ్ బండి గదా, ముందు ఓనరోళ్ళ పిల్లోళ్ళదేమో.”

“కొన్న పొద్దు లోపలంతా నేనే కడిగినా. ఈ సీటు కిందికి చెయ్యి పెట్టి, తుడిచి, సాంబ్రాణి ఏసినా. ఏమీ లేకుండె.”

“అట్లయితే ఎలకలు తెచ్చింటాయి వదినా! వడ్లు తెచ్చినవి చెప్పు తేవా? మిల్లుకాడ కూలికొచ్చే ఆడోళ్ళ పిల్లోళ్ళు...”

“ఇప్పుడే పక్కింటి పిల్లోనిది అంటివి.”

“అన్యానా?”

“పంపన్నా, సుమ్నిరప్పా, మాట్లాడొద్దు కొంచెం సేపు. అక్కా, నువ్వు లోపలికి పోయి నీళ్ళు తాగు. నేను అద్దాలు తుడిచి సెల్ఫు కొట్టి చూస్తా.”

“తుడువు. నేను ఈడే ఉంటా. పైన అద్దం మీద ఆ ఎర్రది ఏంది?”

“ఏది?”

“మొకం చూసుకునే అద్దం. మూలకు.”

“మరక.”

“నీకు కూడా పంపన్న గాలి తగిలెనా పరశురామా? మరక గుండ్రంగా ఉంటాదా? అది స్టిక్కరు బొట్టు. ఎవురో ఆడమనిషి మొకం తుడుచుకునేటప్పుడు తీసి అద్దానికి అంటించింటాది. మనింట్లో స్టిక్కరు ఎవురూ పెట్టరు. నేను కుంకుమే పెడతాంటి.”

“వదినా, బొట్టుదేముంది? గాలికి కూడా వస్తాది.”

“అద్దాలు మూసిన కార్లోకా? ఆదివారం మిల్లు సెలవు పొద్దు కారేసుకోని యాడికి పోతాండె మీ యన్న?”

“కాలువకాడికి. కడిగేకి.”

“పొద్దున పోయి మాపటికి వస్తాండె. ఇంత కారు కడిగేకి అంత సేపా?”

“మా యన్న సంగతి నీకు తెలీదా? రైసు మిల్లు ఫిట్టరు. నట్టు నట్టుకు స్నానం చేపిస్తాడు. నట్టింట్లో మాత్రం...”

“నట్టింట్లో మాత్రం ఏంది?”

“ఏం లేదు. నోరు జారె. మాట కలిసిందని అనేస్తి.”

“నువ్వు ఎంబడి పోయింటివా ఎప్పుడన్నా?”

“ఒకసారి. రెండుసార్లు.”

“ఎవురన్నా ఉండిరా ఆడ?”

“వదినా! మా యన్న అట్లోడు కాదు!”

“అట్లోడు కాకుంటే, చెప్పు దొరకంగనే నాది అని ఎందుకు ఎగిరితివి?”

“నీకు బాధయితాదని.”

“అంటే నీకు ముందే తెలుసు.”

“తెలీదు! ఒట్టు! నేను కూడా ఇప్పుడే చూస్తి. భయమాయ. భయమైతే నా నోరు నా మాట వినదు గదా.”

“అక్కా, ఏడుస్తాండావా?”

“లేదప్పా. ఏడుపు వస్తే బాగుండు. చెయ్యి కింద పెట్టుకోని పండుకోని లేస్తే, చెయ్యి ఉంటాది గానీ మనది కాదన్నట్లు ఉంటాది చూడు. ఒళ్ళంతా అట్లుండాది. గిల్లినా తెలీదు. నీ పని నువ్వు కానీ.”

“సెల్ఫు కొట్టేదా?”

“కొట్టు.”

“పంపన్నా, నువ్వు సైలెన్సర్ ఎనక నిలబడొద్దు.”

“ఏమయితాది? నేను ఎట్లా సైలెంటు కాదు, అది నన్ను చూసి... అబ్బా! అబ్బబ్బా! కండ్లు! పరశూ, కండ్లలో పడె!”

“వడ్ల పొట్టు! చెప్తే వింటివా? అక్కా, పట్టుకున్యాది! ఇంజను పట్టుకున్యాది చూడు! కొంచెం దగ్గుతాంది గానీ ఆగలేదు. ఏడేండ్ల తర్వాత, మూడో తిప్పుకే!”

“ఆపు.”

“ఏందక్కా?”

“ఆపప్పా. వద్దు.”

“ఆపినా.”

“ఇనుము సామాన్లోనికి ఏసెయ్ దీన్ని. ఎవురికన్నా చెప్పు, ఎత్తుకోని పోనీ. రొట్టెలు నెత్తిన పెట్టుకోని పోతా, నడిచి పోతా. ఏటేటా ఆయుధపూజ నాడు తాడపత్రి అంచు ఎత్తి, ఇబూది పట్టెలు ఏసి, కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టినా. వీధిలో బండ్లన్నీ కాయలు తొక్కుకోని ముందుకు పోతాండె. మన కాయలు అట్లే ఎండిపోతాండె. ఆయప్పే వచ్చి ఎక్కుతాడన్నట్లు చేసినా. ఎవురికోసరం చేసినానో చూడు.”

“వదినా, అన్నను అట్ల అనొద్దు. సచ్చినోడు బదులు చెప్పలేడు.”

“బతికినోడివి నువ్వు చెప్తివి గదా, నాలుగు రకాలుగా.”

“అక్కా, ఇనుముకు ఏసినా ఊరికే తీసుకోరు. నంబరు పంపిస్తే గానీ పాతినుము కొనే గుజిరీవోడు బండి పంపడు. నంబరెంత?”

“నాకేం తెలుసప్పా. నంబరు పలక అంటే బొట్టు పెట్టే తావు అని తెలుసు.”

“ముందరా ఎనకా రెండు పలకల మీదా పెట్టినావు గదా! ఏడేండ్ల ఇబూది, కుంకుమ గట్టిపడి గోడమాదిరి ఉండాది. అంకె కాదు గదా, ఇనుమే కనపడలేదు. పంపన్నా, ఆ కిరసనాయిల గుడ్డ ఈ పక్క ఈ. గీకితే వస్తాది... ఆ, వస్తాంది. రెండు... ఆరు... ఒకటి... ఐదు.”

“తప్పు చదివినావు.”

“ఎందుకు తప్పు?”

“మా యన్న కారు నంబరు కూడితే తొమ్మిది రావల్ల. తొమ్మిది రాదని మూడు బండ్లు వద్దన్యాడు. నేనే ఎంబడి తిరిగితి. రెండూ ఆరూ ఎనిమిది, ఒకటి తొమ్మిది, ఐదు... పద్నాలుగు. ఒకటీ నాలుగూ ఐదు. ఐదేందప్పా? సరిగ్గా తుడువు!”

“నువ్వే వచ్చి చూడప్పా.”

“రెండు. ఆరు. ఒకటి. ఐదు.”

“పంపన్నా? ఆ సీటు దుమ్ము ఎందుకు తుడుస్తాండావు?”

“వదినా. ఇది మన కారు కాదు.”

“ఏంది?”

“ఇది మా యన్న కారు కాదు వదినా. మన కారు సీటుగుడ్డ నీలమే. నువ్వు చెప్పిందే సరి.”

“బీగం చెవి మీదేనా? నేను తిప్పినది?”

“మాదే. చెవి మాదే, బండి మాది కాదు.”

“అట్లయితే తెలిసె లే. ఈ పాత చిన్నకార్ల చెవులు అరిగి అరిగి ఒకదానిది ఇంగోదానికి పడతాయక్కా. నా గ్యారేజీలోనే రెండుసార్లు అయినాది. ఆ పొద్దు ఏమాయ పంపన్నా?”

“ఏమాయ అంటే... డాక్టరు చెప్పినాక వదిన అన్నతో ఆంబులెన్సులో పాయ. కారు నువ్వు తీసుకోని రా అనిరి. ఆస్పత్రి గేటుకాడ వరసగా బండ్లుండె. నాకు కండ్లు కనపడలేదు. తెల్లకారు చూస్తి, చెవి పెడితి, తిరిగె. ఏడ్చుకుంటానే వచ్చేస్తి. నువ్వు చూస్తే ఓర్చుకోలేవని, రాంగనే షెడ్డులో పెట్టి తాడపత్రి కట్టేస్తి. అంతే. ఇంగ ఎవురూ ఇప్పలేదు.”

“ఆ కారోడు మన కారు ఎత్తుకోని పోయింటాడు. మరి ఎతుక్కోని రాలేదేం?”

“ఎట్లొస్తాడు వదినా? మన బండి కాగితాలు పాత ఓనరు పేరు మీదనే ఉండె. మార్పిస్తా మార్పిస్తా అంటానే అన్న పాయ. ఆ ఓనరు ఊరిడిచి యాడికి పాయెనో.”

“ఆగండి. నంబరు ఫోన్లో కొడితే దీని ఓనరు పేరు వస్తాది... ఇదో. నారప. కెంచనగుడ్డ.”

“కెంచనగుడ్డనా? ఈడనే గదా, ఏటిగడ్డన!”

“అంటే ఈ చెప్పు...”

“నారప పిల్లోనిదో, పాపదో వదినా.”

“బొట్టు...”

“వాని పెండ్లాముది. మా యన్న సక్కనోడు వదినా. ఆదివారం పూరా నట్లే కడిగె.”

“ఏడేండ్లు ఎవురి బండికో బొట్టు పెట్టి, ఎవురి బండి ముందరో ఏడిస్తినా నేను? ఏందప్పా పంపన్నా, దీనికేమీ అనవా? ఏడు, ఏడుపు అని ఏదో ఒకటి?”

“రాలేదు వదినా.”

“పరశురామా, స్టార్ట్ చెయ్యి. కెంచనగుడ్డకు పోదాం.”

“ఇప్పుడేనా అక్కా? బ్రేకులు ఇంగా చూడలేదు. ఇన్నేండ్లు ఆగినాది, రేపు పొద్దున పోతే ఏమయితాది?”

“నువ్వు బ్రేకులు చూసేంత సేపు ఆగుతా. అంతకు మించి ఆగేకి లేదు. ఆయప్ప తలకింద నా ఎర్రచీర మడిచి పెట్టినా, అది మన కార్లోనే ఉండిపాయ. నారప ఇంటికి పోయి కారు మారిపాయ అనే చెప్పింటాడు, కార్లో ఆడమనిషి చీర చూసినాక ఏ పెండ్లాం నమ్ముతాది పంపన్నా? పోయి ఆ చీర నాదని చెప్పొస్తా, పాపం.”