అతుకు పట్టని బోర్డులు

ఒంగోలు శివారు కార్ఖానాలో, తనకు సోల్డరింగ్ నేర్పిన అక్క ముందు అతను వాపసొచ్చిన మోటారు స్టార్టర్ బోర్డులు పరిచాడు.

"పదకొండూ విప్పి చూశానక్కా. ఎందులోనూ అతుకు సరిగా పట్టలేదు."

"ఎవరు చేసినవిరా?"

"అన్నిటి మీదా నీ నంబరే ఉంది."

ఆమె ఒక బోర్డును ముక్కుకు ఆనేంత దగ్గరగా పెట్టుకుంది.

"ఇది బాగానే అతికిందిగా?"

"అక్కా... అక్కడసలు అతుకే లేదు."

ఆమె బోర్డును మెల్లగా బల్ల మీద పెట్టేసింది.

"ఆర్నెల్ల నుంచీ తడుముకుంటూ చేస్తున్నానురా. చెబితే మానిపిస్తారని చెప్పలేదు."

"వేళ్లు కాలింది అందుకేనా? డాక్టరేమన్నాడు?"

"పోయిన చూపు ఇక రాదన్నాడు."

తప్పు ఎవరిదో రాయాల్సిన రిపోర్టు ముందు అతను పెన్ను పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు.

"నా పేరు రాసెయ్యరా. అక్కడ మోటార్లు తిరగక రైతుల మిరప చేలు ఎండిపోతున్నాయి."

అతను కళ్లు తుడుచుకుని రాశాడు.

"రాశావా? ఏదీ, ఒకసారి చదివి వినిపించు."